గోరింటా, గోరెంటా

ఆమె మా ల్యాబులో అడుగుపెట్టిన రోజే నాకు నచ్చలేదు. ఆమె చేసిన తప్పేమీ లేదు. వచ్చింది, అదే తప్పు. నల్లగొండ ఊరి బయట యూనివర్సిటీలో, రసాయనశాస్త్ర విభాగం పై అంతస్తులో, చివరి గది మాది. అప్పటిదాకా ఆ గదిలో పరిశోధన చేసేది నేనొక్కదాన్నే. కిటికీ దగ్గరి బల్ల నాది, మందులు కలిపే స్టిర్రర్లలో సరిగ్గా తిరిగేది నాది, మా గైడు సారు మెచ్చుకోళ్లూ తిట్లూ రెండూ నావే. అలాంటి గదిలోకి కల్వకుర్తి అవతల ఏదో ఊరి నుంచి, గొర్లు కాసుకునే ఇంటి నుంచి ఈ పిల్ల వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడిచి, "అక్కా, నా సంచి యాడ పెట్టుకోవాలె?" అంది. ల్యాబులో చెప్పులు విడవకూడదనీ, కాళ్ల మీద ఆసిడ్ పడితే దవాఖానకు పోవాల్సి వస్తుందనీ చెప్పాను. కొంచెం గట్టిగానే చెప్పాను.

మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే నా కడుపుమంట ఎవరికీ అర్థం కాదు. పెన్సిలు ములుకులో ఉండే నల్లటి గ్రాఫైట్‌ను ఆసిడ్‌లో వేసి, చుట్టూ మంచుగడ్డలు పెట్టి, పొరలు పొరలుగా విడదీస్తాం. ఆ పొరల్ని గ్రాఫీన్ ఆక్సైడ్ అంటారు. అందులో సిల్వర్ నైట్రేట్ అనే వెండి ఉప్పు కలిపి, ఏదైనా ఆకు కషాయం పోసి వేడి మీద తిప్పితే, ఆకులోని సారం ఆ ఉప్పును వెండిగానూ, ఆక్సైడ్‌ను గ్రాఫీన్‌గానూ మారుస్తుంది. కంటికి కనిపించనంత చిన్న వెండి రేణువులు ఆ నల్ల పొరలకు అతుక్కుంటాయి. మిగతావాళ్లు ఈ పనికి ఘాటైన మందులు వాడతారు, మేం ఆకు వాడతాం. అందుకే దీన్ని హరిత పద్ధతి అంటారు. మా బాపుకు ఇదంతా వివరంగా చెబితే మీసం దువ్వుకుంటూ విని, "అంటే కషాయం కాసుడే గద బిడ్డా. గదానికి యూనివర్సిటీ ఎందుకు?" అన్నాడు.

చివరికి చేతికొచ్చే నల్లపొడి ఉత్ప్రేరకం. అంటే తాను ఖర్చు కాకుండా ఇంకో రసాయన చర్యను పరుగెత్తించేది. దాన్ని మేం పరీక్షించేది పసుపు నీళ్ల మీద. ఫ్యాక్టరీల మురుగులో నైట్రోఫినాల్ అనే విషం ఉంటుంది. దానికి ఇంకో మందు కలిపితే గడపకు రాసే పసుపులా మెరుస్తుంది. అందులో చిటికెడు నల్లపొడి వేస్తే పసుపు విరిగి నీళ్లు తేటపడతాయి. ఒక్కసారి తేటపడితే చాలదు. ఆ పొడినే వడగట్టి, కడిగి, ఆరబెట్టి మళ్లీ వేస్తే మళ్లీ పనిచేయాలి. నా పొడి మొదటిసారి బ్రహ్మాండంగా పనిచేసేది. రెండోసారి నసిగేది. మూడోసారి పసుపు నీళ్లు పసుపు నీళ్లలాగే నా మొహం చూస్తూ కూర్చునేవి.

నేను వాడిన ఆకు మైదాకు. చేతులకు పెట్టుకునే ఆకే. మా సారుది కృష్ణా జిల్లా వైపు, ఇక్కడికొచ్చి ఎన్నేళ్లయినా మాట మారలేదు, ఆయన దాన్ని గోరింట అంటారు. నాకు రెండు మాటలూ తెలుసు. మాది కట్టంగూర్, విజయవాడ బస్సులు మా ఊరి మీదుగానే పోతాయి. హైవే పక్క హోటల్లో కూర్చుంటే అన్ని జిల్లాల తెలుగూ చెవిలో పడుతుంది. అందుకే సారు గోరింట అంటే నేను మైదాకు తెచ్చి, ఎండబెట్టి, పొడి కొట్టి, డబ్బా మీద దాని శాస్త్రీయ నామం లాసోనియా అని ఇంగ్లిషులో రాసి పెట్టాను. ఆ డబ్బాలు తీసీ పెట్టీ నా వేళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. అన్నం కలుపుకున్నా ఆ వాసనే.

నాకు కావలసింది ఒక్కటే. పేపర్ మీద మొదటి పేరు. మా దగ్గర పరిశోధన వ్యాసాన్ని పేపర్ అంటారు. అది మంచి పత్రికలో అచ్చయి, అందులో మన పేరు అందరికంటే ముందుంటేనే థీసిస్ ఇవ్వనిస్తారు, రెండో పేరైతే లెక్కలోకి రాదు. నా స్కాలర్‌షిప్ ఆ ఏడాదితో ఆఖరు. ఈలోపు పేపర్ రాకపోతే మళ్లీ ప్రైవేటు బడికి పోయి తొమ్మిదో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పుకోవాలి. ఆ ఉద్యోగం వదిలేసి వచ్చినప్పుడు మా చుట్టాలందరూ ముక్కున వేలేసుకున్నారు. తిరిగిపోతే ఏమంటారో నాకు తెలుసు.

కొత్త పిల్ల చేరాక ఒకరోజు సారు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి, నా మూడోసారి పసుపు నీళ్లు చూసి నిట్టూర్చారు. "నేల మారితే ఆకులో సారం మారుతుందేమో. అమ్మాయ్, మీ ఊళ్లో గోరింట ఉంటుందా?" అని ఆమెనడిగారు.

ఆమె మొహం వెలిగిపోయింది. "గోరెంటనా సార్? మస్తుంటది. చెల్కల గట్లపొంటి అంత గదే."

"అయితే ఈసారి ఊరెళ్లినప్పుడు కాస్త ఆకు తీసుకురామ్మా. నీడలో ఆరబెట్టి, పొడి చేసి."

మైదాకు మెట్టచేల గట్ల పొడుగునా ఎవరు పెంచుతారు, ఈమె గొప్పలు కాకపోతే, అనుకున్నాను. అనుకుని వదిలేశాను. అక్కడే ఆగి ఒక్కమాట అడిగి ఉంటే ఈ కథే లేదు.

ఆమె పీర్ల పండుగకు ఊరికి పోయి, రెండు స్టీలు డబ్బాల నిండా పచ్చటి పొడి తెచ్చింది. ఒక డబ్బాలో మురుకులు కూడా తెచ్చింది, అవి నాకు. కషాయం కాచింది. నా కషాయంకంటే రంగు పలచగా ఉంది. నేల తేడా అన్నారు సారు. ఆమెకు గ్రాఫీన్ ఆక్సైడ్ చేయడం నేర్పింది నేను. మంచుగడ్డల నడుమ ఆసిడ్ ఎట్లా పోయాలో, వేడి ఎక్కితే ఎట్లా ఆపాలో, నల్లపొడిని ఎట్లా కడగాలో చెయ్యి పట్టుకుని నేర్పింది నేను. ఆమె పొడి పసుపు నీళ్లలో పడింది. తేటపడ్డాయి. వడగట్టి మళ్లీ వేసింది. మళ్లీ తేటపడ్డాయి. నేను గాజు గొట్టాలు కడుగుతున్నట్టు నటిస్తూ చెవులు అక్కడే పెట్టాను. మూడోసారి కూడా తేటపడగానే సారు కుర్చీలోంచి లేచి "భలే!" అన్నారు.

అన్నేళ్లలో ఆయన నన్ను భలే అన్నది లేదు. బాగుంది అన్నారు, ఫర్వాలేదు అన్నారు. భలే ఆమెకు పోయింది. నా చేతిలోని గాజు గొట్టం సింకుకు తగిలి పగిలింది. "జర పైలం అక్కా, చెయ్యి తెగుతది," అని ఆమె పరుగెత్తుకొచ్చింది. ఆ మాటకు ఇంకా మండింది.

అప్పటి నుంచి నాకు తిండి సయించలేదు. ఆమె తూకం వేస్తుంటే పక్కన నిలబడి చూసేదాన్ని, ఎక్కడైనా తప్పు చేస్తుందేమోనని. చేసేది కాదు. ఆమె నోట్సు చూశాను, నా నోట్సుకు నకలు. అదే ఉప్పు, అదే పొయ్యి, అదే ఆకు. ఆమెది బతుకుతుంది, నాది చస్తుంది. మా అటెండర్ టీ తెచ్చి, "ఆ పిల్ల చెయ్యి మంచిది మేడం, విత్తనం ఏస్తె మొలుస్తది," అన్నాడు. అంటే నా చెయ్యి మంచిది కాదన్నమాట. ఆ రోజు టీ తాగలేదు. ఇంటికి ఫోన్ చేసి మా అమ్మ ముందు గంటసేపు ఆమెను ఆడిపోసుకున్నాను. అమ్మ అంతా విని, "ఆ పిల్ల నిన్నేమన్నదే?" అని అడిగింది. ఏమీ అనలేదని చెప్పాల్సి వచ్చింది.

ఏమీ అనకపోవడమే పెద్ద బాధ. ఆమె గర్వపడితే నాకు హాయిగా ఉండేది, తిట్టుకునేదాన్ని. ఆమె గర్వపడలేదు. పొద్దున జొన్నరొట్టె తెచ్చి సగం నాకు పెట్టేది. నేను ముభావంగా ఉంటే, "ఒంట్ల మంచిగ లేదా అక్కా?" అనేది. ఇంకో విషయం చెప్పాలి. నా ఎర్రటి వేళ్లు చూసి ఒకట్రెండుసార్లు, "మీ దిక్కు ఏమన్న పండుగనా అక్కా?" అని అడిగింది. ఎగతాళి చేస్తోందనుకుని పళ్లు కొరుక్కున్నాను. ఆమె వేళ్లు తెల్లగా, శుభ్రంగా ఉండేవి. ఎంత ఒద్దికగా పనిచేస్తుందో చూడు, ఒక్క మరక అంటదు అని దానికీ కుళ్లుకున్నాను.

సారు పేపర్ రాయడం మొదలుపెట్టారు. పేర్ల దగ్గర ఇంకా ఏమీ రాయలేదు కానీ, మాట్లాడేటప్పుడల్లా "ఆ అమ్మాయి పేపర్" అనడం నేను విన్నాను. ఇక సిగ్గు విడిచి ఆమె దగ్గరికి పోయాను. నీ ఆకుపొడి కొంచెం ఇస్తావా అన్నాను. ఎందుకని కూడా అడగలేదు, మిగిలిన డబ్బా మొత్తం నా బల్ల మీద పెట్టేసింది. దాంతో నేనే చేశాను. ఆమెను గదిలో ఉండనివ్వలేదు, ఆమె దృష్టి కూడా తగలకూడదని. నా పొడి కూడా బతికింది! వడగట్టి వేసిన ప్రతిసారీ పసుపు విరిగిపోయింది. ఒంటరిగా ఆ గదిలో చప్పట్లు కొట్టుకున్నాను. మహత్తు ఉన్నది చేతిలో కాదు, ఆకులో. ఆ పొడి తాకితే నా వేళ్లు కొత్తగా ఎర్రబడలేదన్న సంగతి మాత్రం ఆ సంబరంలో నాకు తట్టలేదు.

మహత్తు ఆకుదేనని సారుకు చెప్పాను. ఆయన తలూపి, "మంచిదే. ఇద్దరి చేతిలోనూ ఒకేలా వచ్చిందంటే నమ్మొచ్చు. ఇంకా బోలెడు ఆకు కావాలి. ఇద్దరూ కలిసి ఆ ఊరెళ్లి, మొక్క కొమ్మలతో సహా తీసుకురండి," అన్నారు.

"మరి పేరు సార్?"

"ఆకు ఆమెది కదమ్మా."

"పద్ధతి నాది సార్," అన్నాను.

"చూద్దాంలే," అన్నారు.

దేవరకొండలో బస్సు మారి, కల్వకుర్తిలో దిగి, ఆటోలో వాళ్ల ఊరికి పోయాం. దారిపొడుగునా ఆమె నాకు కిటికీ సీటు ఇచ్చింది. నేను కిటికీ బయటకే చూశాను. వాళ్లమ్మ మాకోసం రొట్టెలు చేసి, పప్పు వండి పెట్టింది. "మా పిల్ల ఎప్పుడు నీ ముచ్చటే సెప్తది బిడ్డా. అక్క నేర్పింది, అక్క నేర్పింది అంటది," అని నా పళ్లెంలో ఇంకో రొట్టె వేసింది. దాన్ని నీళ్లు తాగి మింగాను. వాళ్ల నాయిన గొర్ల వెంట గుట్ట దిక్కు పోయాడన్నారు. మేం సంచులూ కొడవళ్లూ తీసుకుని చెల్కకు బయలుదేరాం.

ఎర్రమట్టి చెల్క, గట్టు మీద రేగుకంప. ఆమె ఒకచోట ఆగి, "గిదిగో అక్కా," అంది. మోకాలెత్తు పొద. సన్నటి ఆకులు, ఆకు మొదట్లో సూదుల్లాంటి ముళ్లు, పసుపురంగు పూలు. నేను దానివంక చూశాను, దాని వెనక్కి చూశాను, మైదాకు చెట్టు ఎక్కడుందోనని.

"ఏదీ?"

"గిదే అక్కా. గోరెంట."

"ఇది గోరెంటా?"

"మరేంది? పన్ను గుంజితె మా అవ్వ గీ ఆకే నమిలేది."

అది ముళ్ల గోరెంట. గట్ల మీద దానంతటదే మొలిచే పొద. సారు అడిగింది గోరింట, కృష్ణా జిల్లా గోరింట, చేతులకు పెట్టుకునేది. వీళ్ల ఊళ్లో దానికి ఆ పేరే లేదు, మైదాకు అంటారు. గోరెంట అంటే వీళ్లకు ఈ ముళ్ల పొదే. సారు ఒక చెట్టు అడిగితే ఈమె ఇంకో చెట్టు తెచ్చి, పొడి కొట్టి ఇచ్చింది. మేమందరం దాన్ని లాసోనియా అని రాసుకుని మురిసిపోయాం.

నాకు నవ్వు ఆగలేదు. గట్టు మీద కూలబడి నవ్వాను. "ఓసి నీ తెలివి తెల్లారా! సారు అడిగింది మైదాకే, మైదాకు! చేతులకు పెట్టుకునేది! నువ్వు ముళ్లకంప తెచ్చినవ్!"

ఆమె కొడవలి చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. "మైదాకా?" అంది. "మరి గట్లని సారు సెప్పలే గద." నా వేళ్లవంక చూసింది. "నీ చేతులు ఎర్రగున్నయంటె నువ్వు ఎప్పుడు మైదాకు పెట్టుకుంటవ్ అనుకున్న అక్కా. పండుగకు పండుగకు."

అప్పుడు ఇంకా నవ్వాను. ఆమె నవ్వలేదు. తలొంచుకుని గోరెంట కోయడం మొదలుపెట్టింది. ముళ్లు గుచ్చుకుంటున్నా ఆగలేదు. ఏడుస్తోందని తెలిసింది. నాకు జాలి వేసిందని రాస్తే అబద్ధం. కడుపు చల్లబడింది. చాలా రోజుల తర్వాత బాగా ఆకలేసింది. తిరుగు ప్రయాణంలో దేవరకొండ బస్టాండులో మిర్చి బజ్జీలు కొనుక్కుని తిన్నాను. ఆమె వద్దంది. గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడింది, ఇన్నాళ్లూ నన్ను ఏడిపించింది, ఇక చాల్లే అనుకున్నాను. తప్పు ఆకుతో పేపర్ ఎట్లా రాస్తారు? సారు ఆ కాగితాలన్నీ చించేస్తారు. నా మైదాకుతో మళ్లీ మొదలు. అట్లా లెక్కలు కట్టుకుంటూ నల్లగొండ చేరాను.

మర్నాడు పొద్దున ఆమెకంటే ముందు సారు గదికి పోయాను. గోరెంట కొమ్మ బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. జరిగినదానికి కొంచెం ఉప్పూకారం కూడా చేర్చాను. సారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. కొమ్మను అటూ ఇటూ తిప్పి చూశారు. వేలికి ముల్లు గుచ్చుకుంది. బొటనీ మేడంకు ఫోన్ చేశారు. ఆవిడ వచ్చి చూసి, ఇది బార్లేరియా, ముళ్ల గోరింట అని చెప్పి వెళ్లారు. ఈలోపు ఆమె కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. మొహం పాలిపోయింది.

సారు కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఏదో కొట్టారు, చదివారు, ఇంకేదో కొట్టారు. తిట్లు ఎప్పుడు మొదలవుతాయా అని నేను ఎదురుచూస్తున్నాను. చాలాసేపటికి మావైపు తిరిగారు. మొహమంతా నవ్వు.

"గోరింటాకుతో వెండి చేసినవాళ్లు బోలెడుమంది ఉన్నారమ్మా. మన పేపర్ ఎవరు తీసుకుంటారా అని లోపల భయంగానే ఉంది నాకు. ఈ ఆకుతో ఇలా గ్రాఫీన్ మీద చేసినవాళ్లు నాకైతే ఎక్కడా కనిపించడం లేదు. అందుకేనన్నమాట పొడి చావడం లేదు! ఇందులోని సారమేదో వెండి రేణువుల్ని ముద్దకట్టకుండా పొరమీదే పట్టి ఉంచుతోంది. గోరింటకి ఆ పట్టు లేదు." ఆమెవైపు చూసి, "పొరపాటున ఎంత పని చేశావమ్మా!" అన్నారు.

నా నోటితో నేనే ఆమె నెత్తిన కిరీటం పెట్టాను. చెప్పకపోతే అది పాత ఆకు, పాత పేపర్. చెప్పినందుకు కొత్త ఆకు, కొత్త పేపర్, ఇంకా పెద్ద పేపర్. నన్ను నేను చెంపలు వాయించుకోవాలనిపించింది. పోనీ తెలియనట్టు ఊరుకోవాల్సిందా అంటే, ఆ నవ్వు ఎట్లా ఆపుకునేదాన్ని? నా ఖర్మ.

సారు మాత్రం నన్ను మరిచిపోలేదు. "మొక్క వేరని కనిపెట్టింది నువ్వు. పద్ధతి నీది. నీ గోరింట పొడి పక్కన పెట్టి చూపిస్తేనే ఈ పొడి గొప్పతనం తెలుస్తుంది. కాబట్టి పేపర్‌లో ఇద్దరూ ఉంటారు. మొదటి పేరు ఒక్కటే ఉంటుంది. ఆకు ఆమెది, పని నీది, నేను తేల్చలేను. మీరిద్దరూ మాట్లాడుకుని చెప్పండి," అన్నారు.

క్యాంటీన్ బయట సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. టీ తెచ్చుకున్నాం. నేను ఎదురుచూస్తున్నాను. ఆమె ఇస్తుందని నాకు నమ్మకం. ఇన్నాళ్లూ అడగకముందే అన్నీ ఇచ్చింది. మురుకులు ఇచ్చింది, రొట్టె ఇచ్చింది, కిటికీ సీటు ఇచ్చింది, ఆకుపొడి డబ్బాకు డబ్బా ఇచ్చింది. ఇదీ ఇస్తుంది. "నువ్వే పెట్టుకో అక్కా" అంటుంది. నేను ఒకసారి వద్దంటాను, రెండోసారి ఒప్పుకుంటాను. అదంతా మనసులో సిద్ధం చేసుకుని కూర్చున్నాను.

ఆమె టీ గ్లాసు కింద పెట్టి, "నేనియ్య అక్కా," అంది.

నాకు సరిగ్గా వినిపించలేదనుకున్నాను.

"మొదటి పేరు నేనియ్య. నీకు ఈ ఏడాదితోని పైసలు ఆగుతయని నాకెరుకే. నాకింకా టైముంది, గదీ ఎరుకే. అయినా నా నోటితోని ఇయ్య. నువ్వు సారుకు సెప్పి గుంజుకుంటవా, గుంజుకో. నీ మాట ఇంటడు సారు. నేను అడ్డం రాను."

"నాకంటే నీకెందుకంత అవసరం?" అన్నాను. గొంతు లేచింది. పక్క బెంచీవాళ్లు తిరిగి చూశారు.

"నువ్వు నవ్వినవ్ గద గట్టు మీద. గందుకు గాదు," అంది. నావంక చూడకుండా, నేలవంక చూస్తూ మాట్లాడింది. "నువ్వు నా మీద కుళ్లుకుంటున్నవని నాకు మొదటినుంచే ఎరుక అక్కా. తూకం కాడ నిలబడి సూస్తుంటివి. గాజు గొట్టం పలగ్గొడ్తివి. ఎరుకే. మంచిగనిపిస్తుండె నాకు."

"మంచిగనా?"

"మరి? నేను సర్కార్ హాస్టల్ల సదువుకున్న. ఎక్కడ కూసున్నా ఆఖరి బెంచీ. గొర్లోళ్ల పిల్ల అని జాలి పడ్డోళ్లున్నరు, నవ్వినోళ్లున్నరు. నన్ను జూసి కుళ్లుకున్నోళ్లు ఎవ్వరు లేరక్కా ఇప్పటిదాంక. నువ్వే మొదలు. నీ అసొంటిది, గన్ని తెలిసినది, నన్ను జూసి కుళ్లుకుంటాందంటె, నేను గూడ ఏదో అయిన అనిపిస్తుండె. గా పేరు నీకిచ్చేస్తె మళ్ల నేను గా ఆఖరి బెంచీకే పోత. గందుకే ఇయ్య."

ఆమె కళ్లు తుడుచుకుని టీ గ్లాసు తీసుకుంది. నాకు కోపం వచ్చింది, చాలా వచ్చింది. ఆమె నన్ను బతిమాలి ఉంటే తోసేసేదాన్ని. తనంతట తాను ఇచ్చి ఉంటే, బిచ్చమేసినట్టు ఇచ్చిందని లోపల తిట్టుకుంటూనే తీసుకునేదాన్ని. ఇయ్య అంది. నేనైనా ఇయ్య అనే అనేదాన్ని. ఆ గదిలో ఇన్నాళ్లూ ఒంటరిగా మండుతున్నానని అనుకున్నాను, పక్క బల్ల మీద ఆమె ఆ మంటకు చలి కాచుకుంటోందని నాకు తెలియదు.

లేచి సారు గదికి పోయాను. ఆమె వెనక రాలేదు. "ఏమనుకున్నారమ్మా?" అని అడిగారు సారు.

"ఆమె పేరు ముందు రాయండి సార్."

"నిజంగానేనా? నీ థీసిస్ ఆగిపోతుంది, ఆలోచించుకున్నావా?"

"రాసేయండి సార్. మళ్లీ అడిగితే మనసు మార్చుకుంటాను."

ఆయన మళ్లీ అడగలేదు. అడిగి ఉంటే నిజంగానే మార్చుకునేదాన్ని. మెట్లు దిగుతుంటేనే మనసు మారిపోయింది కూడా, వెనక్కి ఎక్కడానికి మొహం చెల్లక దిగిపోయాను.

స్కాలర్‌షిప్ ఆగింది. షాద్‌నగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పే పనిలో చేరాను. బంధువులు అంటారని నేననుకున్నవన్నీ అన్నారు, ఒక్కటీ మిగల్చలేదు. సెలవు దొరికినప్పుడల్లా నల్లగొండ పోయి, మైదాకు పొడి ఎందుకు చస్తుందో దాని మీదే పని చేసుకుంటున్నాను. అది నా పేపర్ అవుతుందని సారు అంటున్నారు. అవ్వాలి.

ఆమె పేపర్ అచ్చయిన రోజు నేను క్లాసులో ఉన్నాను. ఫోన్‌లో వచ్చింది. స్టాఫ్ రూములోకి పోయి తెరిచి చూశాను. ఆమె పేరు, దాని పక్కన నా పేరు, చివర సారు పేరు. మా రెండు పేర్ల మధ్య ఒక్క కామా. ఆ కామా చూస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషంతో కాదు. చెమ్మతో తెర కనిపించకపోతే చున్నీతో తుడుచుకుని ఆమెకు ఫోన్ చేశాను.

"సూసినవా అక్కా?" అంది, ఎత్తగానే.

శుభాకాంక్షలు చెబుదామనే చేశాను. నోట్లోంచి రాలేదు.

"సూసిన. కడుపు మండిపోతాంది," అన్నాను.

అవతలి నుంచి ఆమె చిన్న గొంతుతో, "నిజంగనేనా అక్కా?" అని అడిగింది.

"నీ మీదొట్టు," అన్నాను.